డబ్బు పోయింది, ఇప్పుడేం చేయాలి?

(తెనాలిలో విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో ఒక బ్యాంకు విశ్రాంత అధికారి చేసిన ప్రసంగం. రాలేకపోయిన సభ్యుల కోసం రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు దయచేసి ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. రండమ్మా, కూర్చోండి.

సైబర్ మోసాల మీద మాట్లాడమన్నారు నన్ను. ఈ విషయం మీరు ఇప్పటికే చాలాసార్లు విన్నారు. ఓటీపీ చెప్పకండి, తెలియని లింకు నొక్కకండి, ముక్కూ మొహం తెలియని వాళ్లకు డబ్బు పంపకండి. కొంతకాలం ఎవరికి ఫోను చేసినా ముందు ఆ మాటలే వినిపించాయి. మంచి మాటలే, కాదనను. కానీ ఇవాళ నేను వాటి జోలికి పోను. ఆ తర్వాతి సంగతి చెబుతాను. ఓటీపీ చెప్పేశారు. లింకు నొక్కేశారు. డబ్బు వెళ్లిపోయింది. ఇప్పుడేం చేయాలి? ఇది చెప్పేవాళ్లు తక్కువ. తెలియక నష్టపోయేవాళ్లు ఎక్కువ.

దేశం మొత్తం మీద సైబర్ మోసాల్లో పోయిన డబ్బు 2023లో 7,465 కోట్ల రూపాయలని, 2024లో 22,845 కోట్లని కేంద్ర హోం శాఖ పార్లమెంటుకు చెప్పింది. ఒక్క ఏడాదిలో మూడింతలు. అది కూడా ఫిర్యాదు చేసినవాళ్ల లెక్క. ఎవరికీ చెప్పుకోకుండా లోపల కుమిలిపోయినవాళ్లు ఎందరు? వాళ్ల డబ్బు ఏ లెక్కలో ఉంది? ఏ లెక్కలోనూ లేదు. ఈ హాల్లో కూడా అలాంటివాళ్లు ఉండవచ్చు. చేతులు ఎత్తమని అడగను. వాళ్లు విన్నా చాలు.

ముందు ఒక సంగతి అర్థం చేసుకోవాలి. మీ ఖాతాలోంచి వెళ్లిన డబ్బు ఎక్కడికి వెళుతుంది? నేరుగా దొంగ జేబులోకి వెళ్లిపోయిందనుకుంటాం. కాదు. మొదట ఒక అద్దె ఖాతాలో పడుతుంది. అద్దె ఖాతా అంటే, ఎవరో కూలీ మనిషి పేరునో, చదువుకునే కుర్రాడి పేరునో ఉన్న ఖాతాను కొంత డబ్బిచ్చి తమ చేతిలో పెట్టుకుంటారు. పోలీసులు మ్యూల్ ఖాతా అంటారు. అక్కడి నుంచి రెండు మూడు ఖాతాలకు, వాటిలోంచి పదీ ఇరవై ఖాతాలకు పంచేస్తారు. చివరికి ఎక్కడో ఏటీఎంలో నోట్లుగా బయటికి వస్తుంది, లేదంటే క్రిప్టో అనే ఇంటర్నెట్ డబ్బుగా మారి దేశం దాటిపోతుంది. మనం డెల్టా వాళ్లం, కాలువల సంగతి మనకు చెప్పనవసరం లేదు. పెద్ద కాలువ దగ్గర షట్టరు దించితే నీళ్లు అక్కడే ఆగుతాయి. పిల్ల కాలువల్లోకి, బోదెల్లోకి వెళ్లిపోయాక ఎన్ని చోట్ల అడ్డు వేస్తారు?

అందుకే మొదటి గంట అంటారు. గోల్డెన్ అవర్ అని పోలీసులు పదే పదే చెప్పేది దీన్నే. ఆ గంటలో మీరు చేయాల్సింది 1930 నంబరుకు ఫోను చేయడం. పంతొమ్మిది వందల ముప్పై. మళ్లీ చెబుతున్నాను, 1930. కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించండి. ఫోనులో దాచుకుంటే సరిపోదు, ఎందుకంటే ఆ సమయానికి ఫోనే మన చేతిలో ఉండకపోవచ్చు, ఉన్నా పనిచేయకపోవచ్చు.

ఈ నంబరుకు ఫోను చేస్తే ఏం జరుగుతుంది? మీ పేరు, మీ బ్యాంకు, ఖాతా నంబరు, ఎంత పోయింది, ఎప్పుడు పోయింది, లావాదేవీ నంబరు ఎంత, ఇవి అడుగుతారు. ఆ లావాదేవీ నంబరునే యూటీఆర్ అంటారు. యూపీఐలో పంపితే పన్నెండు అంకెలుంటుంది. మీకు వచ్చిన మెసేజిలోనో, యాప్‌లో ఆ చెల్లింపు మీద నొక్కితేనో కనిపిస్తుంది. వాళ్లు ఆ వివరాలను కంప్యూటర్లో ఎక్కించగానే అవి డబ్బు పడిన బ్యాంకుకు చేరతాయి. ఆ బ్యాంకులో డబ్బు ఇంకా ఉంటే హోల్డ్ పెడతారు. ఉన్నంత వరకు ఆగిపోతుంది. అప్పటికే వేరే బ్యాంకుకు వెళ్లిపోయిందా? అది ఎక్కడికి వెళ్లిందో ఈ బ్యాంకు చూపిస్తుంది, ఫిర్యాదు అక్కడికి వెళుతుంది. డబ్బు వెనకాలే ఫిర్యాదు పరుగెత్తుతుంది. ఎవరు ముందు వెళితే వాళ్లదే.

కొందరు అంటారు, ఫోను చేశానండీ, లైను దొరకలేదు అని. దొరకకపోవచ్చు. వదలకండి, చేస్తూనే ఉండండి. ఇంట్లో ఇంకొకరు ఉంటే వాళ్లు అదే సమయంలో సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ పోర్టల్‌లో ఫిర్యాదు నింపాలి. మూడో మనిషి ఉంటే బ్యాంకుకు ఫోను చేయాలి. బ్యాంకు నంబరు ఎక్కడ వెతుకుతారు? గూగుల్‌లో మాత్రం వెతకవద్దు. బ్యాంకు కస్టమర్ కేర్ పేరుతో దొంగలే తమ నంబర్లు పెట్టి కూర్చుంటారు. కంగారులో ఉన్న మనిషి సరిగ్గా వాళ్లకే ఫోను చేస్తాడు. ఏటీఎం కార్డు వెనక ఉన్న నంబరు, పాస్‌బుక్ మీద ఉన్న నంబరు, అవే చూడండి.

1930కి చెప్పాక ఒక రసీదు నంబరు మెసేజిగా వస్తుంది. దానితో పని అయిపోయిందని పడుకోవద్దు. 24 గంటల లోపల పోర్టల్‌లో పూర్తి వివరాలు నింపాలి. లేకపోతే అది సగం ఫిర్యాదుగానే ఉండిపోతుంది.

ఇక్కడొక ముఖ్యమైన మాట. కోపంతోనో, భయంతోనో, ఇంట్లోవాళ్లు చూస్తారనో చాలామంది ఆ దొంగతో జరిగిన వాట్సాప్ సంభాషణ మొత్తం చెరిపేస్తారు. చేయకండి. అదే మీ సాక్ష్యం. అటువైపు వాడు కూడా పంపిన మెసేజిలు తీసేస్తాడు, అందుకని వెంటనే స్క్రీన్‌షాట్లు తీయండి. కాల్ వచ్చిన నంబర్లు, డబ్బు పంపిన ఖాతా నంబర్లు, యూపీఐ ఐడీలు, పంపిన సమయాలు ఒక కాగితం మీద వరసగా రాసుకోండి. వాడితో గొడవ పెట్టుకోవద్దు, పోలీసులకు చెబుతానని బెదిరించవద్దు. చెబితే ఇంకా త్వరగా డబ్బు మార్చేస్తాడు.

ఇంత తేలిక పని అయితే జనం ఎందుకు చేయడం లేదు? ఈ ప్రశ్న నన్ను బాగా బాధపెడుతుంది. గంటలో చేయాల్సిన ఫోను వారం తర్వాత ఎందుకు చేస్తున్నారు? తెలియక కొందరు. కానీ ఎక్కువమంది సిగ్గుతో. నలుగురిలో నవ్వులపాలవుతామని. కొడుకు ఏమంటాడో, కోడలు ఏమనుకుంటుందో అని. ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పిన మాస్టారు, రోగులను చూసిన డాక్టరు, లెక్కలు చూసిన అకౌంటెంటు, వీళ్లకు ఆ సిగ్గు ఇంకా ఎక్కువ. డిజిటల్ అరెస్టు అని ఒక మోసం నడుస్తోంది కదా, పోలీసు దుస్తుల్లో వీడియో కాల్ చేసి, నీ పేరున వచ్చిన పార్సిల్లో మత్తు పదార్థాలు దొరికాయి, గది తలుపులు వేసుకుని కెమెరా ముందే కూర్చో అంటారు. మన చట్టంలో అలాంటి అరెస్టు లేనే లేదు. అయినా బాగా చదువుకున్నవాళ్లు రోజుల తరబడి ఆ గదిలో కూర్చుని దాచుకున్నదంతా పంపేశారు. తెలివి లేకనా? కాదు. మనిషిని భయపెట్టి, ఒంటరిని చేసి, ఆలోచించే వ్యవధి ఇవ్వకపోతే ఎవరైనా లొంగుతారు. వాళ్లు అదే పనిగా నేర్చుకుని వచ్చినవాళ్లు. మోసం చేసినవాడు తల దించుకోవాలి గానీ మోసపోయినవాళ్లు ఎందుకు దించుకోవాలి?

ఈ మాట మీతో పాటు వచ్చిన పిల్లలకు, కోడళ్లకు, అల్లుళ్లకు కూడా. ఇంట్లో పెద్దవాళ్లు వచ్చి డబ్బు పోయిందని చెబితే మన నోట వచ్చే మొదటి మాట ఏమిటి? ఎన్నిసార్లు చెప్పాను నీకు? ఆ మాత్రం తెలియదా? ఇదే కదా. దయచేసి అనకండి. మీరు అడగాల్సిన మొదటి ప్రశ్న ఒక్కటే. ఎంతసేపయింది? ఆ ఒక్క ప్రశ్న అడిగి ఫోను అందుకోండి. తిట్టాలనుకుంటే వారం తర్వాత తిట్టవచ్చు. ఆ పది నిమిషాలు తిట్టుకుంటూ కూర్చుంటే డబ్బు నాలుగు ఖాతాలు దాటిపోతుంది.

ఇంకొకటి కూడా చెప్పాలి, కష్టంగా ఉన్నా చెప్పాలి. 2020 చివర్లో తెలంగాణలో లోన్ యాప్‌ల వేధింపులు తట్టుకోలేక కొందరు ప్రాణాలు తీసుకున్నారు, గుర్తుండే ఉంటుంది. ఫొటోలు మార్చి బంధువులకు పంపుతామని కుర్రవాళ్లను బెదిరించే మోసాలు ఇప్పటికీ ఉన్నాయి. మీ ఇంట్లో ఎవరైనా డబ్బు పోయాక తిండి మానేసి, మాట మానేసి, గదిలోంచి బయటికి రాకుండా ఉంటే వాళ్లను ఒంటరిగా వదలకండి. 14416, టెలీ మానస్, ప్రభుత్వం నడిపే నంబరు. తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. ఈ నంబరు కూడా ఆ కాగితం మీదే రాసుకోండి.

సరే, బ్యాంకు సంగతికి వద్దాం. ఇది నేను పనిచేసిన చోటు కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. ఫోను చేశాం కదా, బ్యాంకుకు మళ్లీ వెళ్లడం ఎందుకు అనుకోవద్దు. వెళ్లి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. తేదీ, సమయం వేసిన రసీదు తీసుకోండి. సమయం ముఖ్యం. ఎందుకో చెబుతాను. 2017 జూలైలో రిజర్వు బ్యాంకు ఒక ఉత్తర్వు ఇచ్చింది. మీ ప్రమేయం లేకుండా, మీరు ఏమీ చెప్పకుండా, బ్యాంకు తప్పు కూడా లేకుండా మధ్యలో ఎక్కడో జరిగిన లోపం వల్ల మీ ఖాతాలోంచి డబ్బు పోతే, బ్యాంకు నుంచి మెసేజి వచ్చిన మూడు పనిదినాల లోపల చెబితే మీ నష్టం సున్నా. మొత్తం బ్యాంకు భరించాలి. నాలుగు నుంచి ఏడు పనిదినాల్లో చెబితే మీ మీద పడే భారానికి ఒక పరిమితి ఉంది. మామూలు సేవింగ్స్ ఖాతాకు అది 10,000 రూపాయలు. ఏడు దాటితే ఆ బ్యాంకు విధానం ఎలా ఉంటే అలా. బ్యాంకు తప్పే ఉంటే మీరు చెప్పినా చెప్పకపోయినా బాధ్యత బ్యాంకుదే. మీరు చెప్పిన పది పనిదినాల్లో ఆ మొత్తాన్ని తాత్కాలికంగా మీ ఖాతాలో చూపించాలి. తప్పు మీదే అని నిరూపించాల్సింది బ్యాంకు, మీరు కాదు.

మరి మనమే ఓటీపీ చెప్పామనుకోండి, అప్పుడు? అప్పుడు బ్యాంకుకు చెప్పేదాకా పోయినదంతా మన నష్టమే. చెప్పిన తర్వాత పోయినది మాత్రం బ్యాంకు నష్టం. చూశారా? తప్పు మనదైనా సరే, చెప్పిన నిమిషం నుంచి లెక్క మారిపోతుంది. ఆ సమయం వేసిన రసీదు అందుకే అడగమన్నాను. కౌంటర్లో ఉన్న అమ్మాయి, మీరే చెప్పారు కదండీ, మేమేం చేస్తాం అంటే వెనక్కి వచ్చేయకండి. రసీదు ఇవ్వమనండి. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు. రుసుము లేదు, లాయరు అక్కరలేదు. 14448కి ఫోను చేస్తే ఎలా రాయాలో చెబుతారు.

పోలీసు స్టేషన్లో ఏం అడగాలి? పోర్టల్‌లో నింపిన ఫిర్యాదు వేరు, ఎఫ్‌ఐఆర్ వేరు. పెద్ద మొత్తం పోతే ఎఫ్‌ఐఆర్ అడగండి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత అనే చట్టం ప్రకారం నేరం ఎక్కడ జరిగినా, ఏ స్టేషన్లోనైనా ఫిర్యాదు తీసుకోవాలి. దాని ప్రతి మీకు ఉచితంగా ఇవ్వాలి. తీసుకోకపోతే ఎస్పీగారికి పోస్టులో పంపవచ్చు. హోల్డ్ పెట్టిన డబ్బు దానంతట అది మీ ఖాతాలోకి రాదు, ఇది చాలామందికి తెలియదు. ఆగిందని మెసేజి వచ్చింది కదా అని ఎదురుచూస్తూ కూర్చుంటారు. మామూలుగా దానికి కోర్టులో పిటిషన్ వేయాలి. తెలంగాణలో 2024 నుంచి లోక్ అదాలత్‌ల ద్వారా చాలామందికి అలా తిరిగి ఇప్పించారు. మంచి పద్ధతి. మీ దర్యాప్తు అధికారిని అడగండి, నా కేసులో ఎంత ఆగింది, ఏ బ్యాంకులో ఆగింది అని. లాయరుకు డబ్బు లేకపోతే కోర్టు ఆవరణలోనే న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది. ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా సహాయం చేస్తారు. నంబరు 15100.

ఇప్పుడు ఫోను. పెళ్లి పత్రిక అని, ట్రాఫిక్ చలానా అని, పీఎం కిసాన్ అని వాట్సాప్‌లో ఏపీకే ఫైలు, అంటే ఫోనులో కొత్త యాప్ ఎక్కించే ఫైలు, వస్తుంది. దాన్ని నొక్కి ఎక్కించుకుంటే మీ ఫోను వాడి చేతిలో ఉన్నట్టే. మీకు వచ్చే ఓటీపీలు వాడికీ కనిపిస్తాయి. అలాంటప్పుడు ఆ ఫోనుతోనే పాస్‌వర్డ్ మార్చి ప్రయోజనం ఏముంది? కొత్త పాస్‌వర్డ్ కూడా వాడు చూస్తాడు. ముందు ఆ ఫోనుకు డేటా, వైఫై ఆపేయండి. వేరే ఫోను నుంచి 1930కి, బ్యాంకుకు చెప్పండి. వేరే ఫోనులోనే పాస్‌వర్డ్‌లు మార్చండి. తర్వాత తెలిసినవాళ్ల చేత ఆ ఫోనును పూర్తిగా చెరిపించి మళ్లీ మొదలుపెట్టించండి. మీ పేరున మీకు తెలియని సిమ్‌లు ఉన్నాయేమో టెలికాం శాఖ నడిపే సంచార్ సాథీ వెబ్‌సైటులో చూసుకోవచ్చు, ఉంటే అక్కడే తీసేయమని చెప్పవచ్చు.

ఆధార్ వేలిముద్ర సంగతి కూడా చెప్పాలి. 2018లో పెద్దపల్లి జిల్లాలో ఒక సిమ్‌కార్డుల వ్యాపారి భూముల రిజిస్ట్రేషన్ పత్రాల మీద ఉన్న వేలిముద్రలను తీసుకుని, వాటితో అచ్చులు చేసి, ఇతరుల ఆధార్‌తో సిమ్‌లు యాక్టివేట్ చేశాడు. అచ్చు వేలిముద్రలతో ఆధార్ ద్వారా బ్యాంకు డబ్బు తీసిన కేసులు కూడా తర్వాత బయటపడ్డాయి. దానిలో ఓటీపీ లేదు, ఫోను లేదు, మనం ఏ తప్పూ చేయలేదు. మనలో పొలమో ఇల్లో రిజిస్ట్రేషన్ చేయించుకోనివాళ్లు ఎవరున్నారు? ఎంఆధార్ యాప్‌లో బయోమెట్రిక్ లాక్ అని ఉంటుంది. వేసి పెట్టుకోండి. వేలిముద్ర అవసరమైన రోజు తెరిచి, పని అయ్యాక మళ్లీ వేసుకోవచ్చు.

అన్నిటికంటే ముఖ్యమైన భాగానికి వస్తున్నాను. దయచేసి ఇది జాగ్రత్తగా వినండి. ఒకసారి మోసపోయినవాళ్ల దగ్గరికి రెండో దొంగ వస్తాడు. వస్తాడేమో కాదు, వస్తాడనే అనుకోండి. పది రోజులకో నెలకో ఒక ఫోను వస్తుంది. నమస్కారమండీ, సైబర్ క్రైం ఆఫీసు నుంచి మాట్లాడుతున్నాం, మీ కేసులో డబ్బు దొరికింది, విడుదల చేయడానికి చిన్న రుసుము కట్టాలి అంటాడు. మీ పేరు చెబుతాడు. ఎంత పోయిందో చెబుతాడు. ఏ తేదీన పోయిందో చెబుతాడు. ఇన్ని వివరాలు పోలీసులకు తప్ప ఎవరికి తెలుస్తాయి అనిపిస్తుంది. ఎవరికి తెలుస్తాయి? దోచుకున్నవాడికి తెలుస్తాయి! వాడే ఫోను చేస్తాడు, లేదా ఆ జాబితా ఇంకొకడికి అమ్ముతాడు. పోయిన డబ్బు మీద ఆశ ఉంటుంది కదా మనకు, ఆ ఆశే వాడి పెట్టుబడి. మొదటిసారి దాచుకున్నది పోతుంది. రెండోసారి అప్పు చేసి తెచ్చింది పోతుంది.

గుర్తుపట్టడం ఎలా? ఒక్కటే గుర్తు. డబ్బు తిరిగి ఇవ్వడానికి డబ్బు అడిగారంటే వాళ్లు దొంగలు. పోలీసులు అడగరు, రిజర్వు బ్యాంకు అడగదు, 1930 అడగదు. జీఎస్టీ అనీ, డిపాజిట్ అనీ, ఫైలు ఖర్చు అనీ ఏ పేరు పెట్టినా సరే. షేర్ల యాప్‌లో లాభం లక్షల్లో చూపించి, తీసుకోవాలంటే ముందు పన్ను కట్టమంటారు, అదీ ఇదే. టెలిగ్రాంలో మీ డబ్బు తెప్పిస్తామనే హ్యాకర్లు, ముందు ఫీజు అడిగే లాయర్లు, అందరూ ఇదే. ఫేస్‌బుక్‌లో మీ గోడు వెళ్లబోసుకుంటూ ఫోను నంబరు, ఫిర్యాదు నంబరు పెట్టకండి. వాళ్లు అవే వెతుకుతుంటారు.

మీ ఖాతాలో తెలియని డబ్బు పడి, పొరపాటున వచ్చింది, తిరిగి పంపండి అని ఎవరైనా ఫోను చేస్తే మీరుగా పంపవద్దు. బ్యాంకుకు రాసి ఇవ్వండి, వాళ్లే వెనక్కి పంపుతారు. అది ఇంకొకరి దగ్గర దోచిన డబ్బయితే మీ ఖాతా కూడా ఫ్రీజ్ అవుతుంది. మీ మనవలకు కూడా చెప్పండి, ఖాతా అద్దెకిస్తే డబ్బొస్తుందని కాలేజీలో ఎవరైనా అంటే, అది నేరంలో భాగం. ఆ పిల్లవాడి మీదే మొదటి కేసు పడుతుంది. ఉద్యోగాల పేరుతో మన పిల్లలను కంబోడియా తీసుకెళ్లి, పాస్‌పోర్టులు లాక్కుని, ఇలాంటి మోసాలే చేయిస్తున్న ఏజెంట్ల గుట్టు 2024 మేలో విశాఖపట్నం పోలీసులు బయటపెట్టారు. మనకు ఫోను చేసి తెలుగులో మాట్లాడే గొంతు అలా చిక్కుకున్న మన ఊరి పిల్లవాడిదే కావచ్చు. ఇది తలచుకుంటే నాకు రెండు వైపులా బాధే.

అమెరికాలో పిల్లలున్నవాళ్లు ఇక్కడ చాలామంది. ఇమిగ్రేషన్ అధికారులమని చెప్పి అక్కడ మన విద్యార్థులను బెదిరించేవాళ్లు ఉన్నారు. వాళ్లకు జరిగితే 1930 పనికిరాదు. అక్కడ ఎఫ్‌బీఐ నడిపే ఆన్‌లైన్ ఫిర్యాదుల కేంద్రం ఐసీ3లో, వినియోగదారుల రక్షణ చూసే ఎఫ్‌టీసీలో ఫిర్యాదు చేయాలి, తమ పేరున ఎవరూ కొత్త అప్పు తీసుకోకుండా, అప్పుల చరిత్ర దాచే మూడు సంస్థల్లో, అంటే క్రెడిట్ బ్యూరోల్లో, ఫ్రీజ్ పెట్టించుకోవాలి. అది ఉచితం. ఇవాళ రాత్రి ఫోనులో ఒక మాట చెప్పండి.

మాస్టారు చేయి ఎత్తారు, చెప్పండి. తెలిసినవాళ్లకు డబ్బు పోయి మూడు నెలలైంది, ఇప్పుడు ఫిర్యాదు చేస్తే ఉపయోగమా అంటున్నారు. మంచి ప్రశ్న. ఉపయోగమే, చేయించండి. డబ్బు ఆగే అవకాశం తగ్గింది, అది నిజం. కానీ ఒకే అద్దె ఖాతాలోకి చాలామంది డబ్బు వెళుతుంది. వేరే ఎవరో ముందే ఫిర్యాదు చేసి ఉంటే ఆ ఖాతాలో కొంత ఆగి ఉండవచ్చు. అందులో తమ వాటా అడగాలంటే తమ పేరున ఫిర్యాదు ఉండాలి కదా. చెప్పని మనిషిని వెతికి తెచ్చి ఎవరూ ఇవ్వరు.

ఇంకా అడగాల్సినవి ఉన్నవాళ్లు, అందరిలో అడగడం ఇష్టం లేనివాళ్లు ఇది అయ్యాక బయట బల్ల దగ్గరికి రండి. ఫోను, పాస్‌బుక్ తెచ్చుకోండి. పోర్టల్‌లో ఫిర్యాదు ఎలా నింపాలో పక్కన కూర్చుని చూపిస్తాను. టైపు మాత్రం మీరే చేయాలి. మీ పిన్ను, మీ ఓటీపీ నాకు కూడా చెప్పవద్దు.